స్మారకంలో కాపురం

పనిరోజు 1

ఆఫీసుకు అప్పగించే పని పుస్తకం వేరే ఉంది. దానికి నీలం అట్ట. అందులో "ఉదయం 5.30: మట్టి కలపడమైనది" అని రాయాలి. కలిపిన మనిషి కలుపుతూ ఏమనుకుందో రాసేందుకు గడి లేదు. అందుకని ఇది మొదలుపెడుతున్నాను. ఆదివారాలు ఇందులో లెక్కకు రావు.

నాకు పని దొరికింది. గుండ్లవాగు పరాగ కార్యాలయం వారు తేనెటీగలకు ఒక స్మారక శిల్పం చేయించదలచారు. ఈ ప్రాంతంలో ఆఖరి తేనెటీగ పోయి పన్నెండేళ్ళు. ఊరి పొలిమేరలో "ఈగ రహిత ప్రాంతం" అని బోర్డు నాటినవాళ్ళే ఇప్పుడు వాటి జ్ఞాపకార్థం ఎనిమిదడుగుల తేనెపట్టు కావాలంటున్నారు. పొగబెట్టింది మీరే, సంతాపసభా మీదేనా అని ఒక మాట అనవచ్చు. అనలేదు. ఇరవై రెండేళ్ళుగా శిల్పినని చెప్పుకుంటున్నాను. ఫలానాది చేసిపెట్టమని ఎవరైనా వచ్చి అడగడం ఇదే మొదలు. సూత్రాలు గుర్తుకు రావడానికి కొంత తీరిక ఉండాలి, కాస్త గిరాకీ కూడా ఉండాలి.

షరతులు మూడు. అన్నీ సహజ పదార్థాలే వాడాలి, మేకు కూడా కూడదు. చెయ్యి ఒకరిదే అయి ఉండాలి. సహజ పదార్థాల్లో పురుగూ పుట్రా చేరే ప్రమాదం ఉంది గనక ప్రతి సోమవారం పరిశీలకుడు వచ్చి చూసి "జీవరహితం" అని సంతకం చెయ్యాలి.

ఆ పరిశీలకుడు శేషఫణి గారు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. "మీ థీసిస్ చూశాను మేడం," అన్నారు. చదివానని అనలేదు. నిజాయితీపరుడనే అనుకుంటున్నాను.

పనిరోజు 6

పొద్దున్నే గదిముందు కుండీల్లో మొగ్గలు తుంచి వచ్చాను. కరివేపాకులో మూడు, మిరపలో ఏడు, తులసిలో లెక్కలేనన్ని. వీధిలో అందరూ అయిదింటికి అదే పనిలో ఉంటారు, పూర్వం కళ్ళాపి చల్లేవారే, అలాగ. ఈగల బదులు పుప్పొడి చేరవేస్తూ మామిడి, బత్తాయి తోటల మీద తిరిగే రెక్కల యంత్రాలున్నాయి గదా, జనం గింగిరీలంటారు, వాటికి కంటికి కనిపించిన ప్రతి పువ్వూ పువ్వే. ఎవరి కుండీలోనో వంకాయ పూస్తే తోట వదిలేసి అక్కడికి పోతాయి. అందుకని నమోదు కాని పువ్వు నేరం. పూసిన తులసిని చూసి ఎన్నేళ్ళయిందో చెప్పలేను.

గురవమ్మ ఈరోజు చేరింది. కాగితం మీద ఆమె హోదా "సహజ పదార్థాల సరఫరా". కుడుముల గురవమ్మ చెంచు మనిషి, అరవై పైబడింది. వెదురూ తాటినారా ఎర్రమట్టీ పేడా ఈ చుట్టుపక్కల ఇంకా ఎక్కడ మిగిలున్నాయో ఆమె ఒక్కతికే తెలుసు. నా నమూనా బొమ్మ చూపించాను.

"ఇదేందమ్మా, బోర్లించిన గంపా?"

"తేనెపట్టు, అక్కా."

"అట్లనా." తల అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది. "మా తాత ఉంటే పడిపడి నవ్వేటోడు."

"నువ్వు నిజం పట్టు చూశావా?"

"సూడకేం. ఎనిమిదేండ్లప్పుడు వాని భుజాన కూసోని సూసినా. అది గంప మాదిరి ఉండదు సువార్తమ్మా. గాలికి యాలాడే చెవి మాదిరి ఉంటాది."

తేనెపట్టు ఆకృతి మీద నేను రెండు వందల పది పేజీల థీసిస్ రాశాను. అందులో చెవి ఎక్కడా లేదు.

పనిరోజు 31

కార్యాలయం పక్కన నాకిచ్చిన షెడ్డులో వెదురు బద్దల చట్రం నిలబడింది. చుట్టూ తాటినార అల్లాను. దాని మీద ఎర్రమట్టి, పేడ, తరిగిన గడ్డి, బెల్లం నీళ్ళు కలిపి మెత్తుతున్నాను. ఒక పూత ఆరాక ఇంకో పూత. వేళ్ళతో లాగిన గీతలు అలాగే ఉంచాను. కిందివైపు, ముందుభాగంలో, పిడికిలి పట్టేంత గుండ్రటి రంధ్రం వదిలాను. "శూన్యంలోకి చూపు" అని నీలం అట్ట పుస్తకంలో రాశాను. అసలైతే అక్కడ అల్లిక తప్పింది.

శేషఫణి గారు సోమవారం తనిఖీకి వచ్చి షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయి జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నారు.

"ఈ వాసన ఏమిటి మేడం?"

"పేడండీ. సహజ పదార్థం."

"సహజమే, కాదనను. మా పైవాళ్ళ గదికి కిటికీ ఇటువైపే ఉంది. ఏదైనా వేసి కొంచెం... సహజంగానే... తగ్గించలేరా?"

గురవమ్మ వాగు పక్కనుంచి నిమ్మగడ్డి కోసుకొచ్చింది. నూరి రసం తీసి లోపలి గోడలకంతా పూశాం. పగుళ్ళు పూడ్చడానికి ఆమె ఇంట్లో ఒక నల్లటి ముద్ద ఉంటే తెచ్చింది, తాత కాలం నాటి తేనెమైనం. సెగ చూపించి లోపలంతా రుద్దాం. షెడ్డంతా ఘాటుగా, తియ్యగా, నాకు పేరు తెలియని ఏదో వాసన. ఆ వాసనకు కారణమైనందుకు శేషఫణి గారికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి "జీవరహితం" అని సంతకం చేశారు.

పనిరోజు 47

రంధ్రం దగ్గర ఒక గింగిరీ తచ్చాడుతోంది. దారి తప్పిన యంత్రాన్ని పట్టుకుని పొట్టకింద వరుస సంఖ్య చూసి కార్యాలయానికి చెప్పడం పౌరధర్మం. పట్టుకున్నాను. తిరగేశాను. సంఖ్య లేదు. కళ్ళజోడు సవరించుకుని ఇంకా దగ్గరగా చూశాను.

కుట్టింది.

చూపుడు వేలు బుడగలా ఉబ్బింది. గురవమ్మ ముల్లు గోటితో గీకి తీసింది. నొప్పికన్నా సిగ్గు ఎక్కువైంది నాకు. తేనెటీగల మీద డాక్టరేటు ఉన్నదాన్ని, బతికిన ఈగను తిరగేసి నంబరు వెతికాను.

"ఒకటే ఉంటుందా అక్కా?"

"మనం పూసిన గడ్డి, మైనం వాసనకు ఇల్లు సూడను వచ్చినాది," అంది. "బాగుంటే పోయి తనోళ్ళకు సెప్తాది."

నా శిల్పాన్ని చూడటానికి మొదటిసారి ఎవరో తమంతట తాముగా వచ్చారన్నమాట.

పనిరోజు 52

వచ్చాయి. ఉదయం ఎనిమిదిన్నరకు. ఎండకు ఇళ్ళలోకి పొమ్మనే సైరన్ మోగడానికి ఇంకా గంటన్నర ఉంది. ముందు ఆకాశంలో గోధుమరంగు మరక లాగా కనిపించింది. తరువాత షెడ్డు రేకుల మీద వాన కురిసినట్టు చప్పుడు. రంధ్రం చుట్టూ గుత్తిగా వాలి, తోసుకోకుండా, తొందరపడకుండా, ఒకదాని వెనుక ఒకటి లోపలికి నడిచిపోయాయి. కొత్త ఇంట్లోకి సామాను చేరుస్తున్నంత తీరుగా.

గురవమ్మ నేలమీద చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "పుట్టతేనె ఈగలు," అంది. "యాడ దాక్కున్నారే ఇన్నాళ్ళూ, దొంగముండల్లారా!"

నేను మాత్రం శుద్ధి బండి గురించి ఆలోచించాను. నిరుడు పై వీధిలో ఎవరి చూరులోనో కందిరీగలు నాలుగు కనిపిస్తే, బండి వచ్చి వీధి మొత్తానికి పొగబెట్టింది. చూరే కాదు, కుండీలు కూడా మిగల్లేదు. ఇక్కడ పోయిన ఈగలు ఇక్కడే ఉన్నాయంటే పొలిమేర బోర్డు అబద్ధమవుతుంది. బోర్డును నిజం చెయ్యడానికి బండికి గంట పట్టదు.

చెప్పాలి. చెప్పకూడదు. చెబితే ఇవి చస్తాయి. చెప్పకపోతే తప్పుడు పత్రాల మీద నిలబడ్డ శిల్పం అవుతుంది నాది. రేపు ఆలోచిద్దాం అనుకున్నాను. నా జీవితంలోని పెద్ద నిర్ణయాలన్నీ ఈ పద్ధతిలోనే జరిగాయి.

పనిరోజు 57

సోమవారం. శేషఫణి గారు గుమ్మం దగ్గర, రుమాలుతో.

"జీవులు ఏమైనా?"

"మేమిద్దరం ఉండాము సారూ," అంది గురవమ్మ.

ఆయన నవ్వి సంతకం చేశారు. లోపలికి రాలేదు. పేడ ఆయనకు పడదట. నేను నోరు తెరిచాను. తెరిచినందుకు "ఎండ పెరిగిందండీ" అని ముగించాను.

పనిరోజు 83

ప్రతి ఉదయం అద్దం ముక్కతో వెలుగును రంధ్రంలోకి మళ్ళించి లోపలికి చూస్తున్నాను. అయిదు మైనపు పలకలు దిగాయి. గురవమ్మ చెప్పింది నిజమే, చెవులే. అంచులు కొత్త మైనంతో తెల్లగా, పలచగా, వెలుగు అవతలికి కనిపించేంత.

వాటి పని చూస్తున్నకొద్దీ నా థీసిస్ మూడో అధ్యాయం కూలిపోతోంది. ఆరు భుజాల గది ఒక ఆలోచన అని, ముందు మనసులో గీత ఉంటుందని రాశాను. అలాంటిదేమీ లేదు. అవి ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుని గొలుసుల్లాగా వేలాడతాయి, గంటలకొద్దీ. ఏమీ చెయ్యనట్టే ఉంటుంది. మర్నాటికి అరచేతి వెడల్పున పట్టు పెరిగి ఉంటుంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరూ వెనక్కి జరిగి నిలబడి, తల వంచి చూసుకుని, బాగుందా లేదా అని బాధపడరు.

నాకు ఈర్ష్యగా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, ఇది అందుకు మొదలుపెట్టిన పుస్తకమే. నేను చేసిన పెంకును ఇప్పుడు బయటినుంచి చూస్తే దాన్లో నా వేళ్ళ గీతలు ఎక్కువగా అరుస్తున్నట్టు అనిపిస్తోంది.

"నీది గోడమ్మా," అంది గురవమ్మ, ఓదార్చడానికే. "గోడ ల్యాకుంటే కాపురం యాడ?"

గోడ కట్టడానికి డాక్టరేటు అక్కర్లేదని ఆమెకు చెప్పలేదు.

పనిరోజు 101

శిల్పం ప్రదర్శనకు తగునో కాదో తేల్చడానికి కార్యాలయం వేసిన న్యాయనిర్ణేతల సంఘం వచ్చింది. నలుగురున్నారు గాని మాట్లాడింది ఒక్కరే, ఆచార్య కమలాకర్. ఇరవై ఏళ్ళ కిందట నా థీసిస్‌ను పరీక్షించింది ఈయనే. నివేదికలో ఒక్క వాక్యం రాశారు: "ఈమెకు చేతికన్నా సందేహం ముందు నడుస్తుంది." ఆ వాక్యం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఆయనకు నేను గుర్తే లేను.

పెంకు చుట్టూ ఒకసారి తిరిగారు. "ఊఁ," అన్నారు. ఆ ఊఁకు అర్థం నాకు తెలుసు. తరువాత వంగి, నా అద్దం ముక్కతోనే రంధ్రంలోకి చూశారు. చాలాసేపు చూశారు. శేషఫణి గారు వెనక గుమ్మంలో, ఎప్పటిలాగే, రుమాలుతో.

"శబ్దం కూడా పెట్టావా!" అన్నారు కమలాకర్ గారు రంధ్రం మీదినుంచి తలెత్తకుండానే. "ఎంత సంయమనం. వినీ వినపడకుండా."

అద్దం ముక్క ఇమ్మని చెయ్యి చాపాను, ఆయన ఇవ్వలేదు.

"గింగిరీలను కూడా దించావు. కదులుతున్నాయి, పట్టుమీద నడుస్తున్నాయి... నిబంధన ప్రకారం లోహం కూడదు. కానీ కళకు ఒక మినహాయింపు ఇవ్వవచ్చు. ఏమంటారు?" మిగతా ముగ్గురూ ఇవ్వవచ్చన్నారు.

పన్నెండేళ్ళుగా ఎవరూ ఈగను చూడలేదు. చూసినా అది ఈగ అని ఎవరికీ తట్టదు. నేను నంబరు వెతికాను, ఆయన సంయమనం వెతికారు. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే.

ఆయన లేచి నిలబడ్డారు. కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి, ఒట్టు. "బయటిది చూస్తే విద్యార్థి పని అమ్మాయ్. ప్రతి గీతా నన్ను చూడు నన్ను చూడు అంటోంది. లోపలిది... లోపలి చేతిలో అహం లేదు. ఒక్క అనుమానం లేదు. ఇంతకాలం ఇది ఎక్కడ దాచావు? నిజం చెప్పు, లోపలిది ఎవరు చేశారు?"

నా చెయ్యి కాదంటే, ఎవరి చెయ్యి అని అడుగుతారు. అడిగితే వెతుకుతారు. వెతికితే బండి వస్తుంది.

"నేనే," అన్నాను.

నలభై ఆరేళ్ళలో తడుముకోకుండా నా నోట వచ్చిన మొదటి మాట అది. అది కూడా అబద్ధం. కమలాకర్ గారు నా భుజం తట్టారు. ఆ గొంతులోని స్థిరత్వం ఆయనకు నచ్చింది.

పనిరోజు 104

ఉత్తర్వు వచ్చింది. శిల్పం ఎంపికైంది. "బాహ్య కవచం అనవసర అలంకారమని సంఘం భావించినందున, సదరు కవచమును కోసి తొలగించి, అంతర్భాగమును మాత్రమే ప్రధాన హాలులో గాజు పెట్టెలో ప్రదర్శించవలెను." పదిహేనో తేదీలోగా. కోతకు మనుషులను కార్యాలయమే పంపుతుంది. ఇంకా పదకొండు రోజులు.

రెండుసార్లు చదివాను. మొదటిసారి నా పెంకు కోసం బాధపడ్డాను. నాలుగు నెలల పని, నా జీవితంలోకెల్లా పెద్ద పని, అనవసర అలంకారమట. రెండోసారి చదివినప్పుడే ఈగలు గుర్తుకొచ్చాయి. ఈ వరుస ఇలా ఉండటం కూడా ఇక్కడ రాసిపెడుతున్నాను.

గాజుపెట్టెలోకి మార్చితే చస్తాయి. మార్చకముందే, పెంకు విడగానే, బయటికి లేచి నలుగురినీ కుడతాయి, అప్పుడు బండి వస్తుంది. ఆ "నేనే" అనకపోయి ఉంటే పెంకు జోలికి ఎవరూ వచ్చేవారు కాదేమో. కాపాడదామని ఆడిన అబద్ధమే వాటి ఇల్లు కూలుస్తోంది.

పనిరోజు 105

గురవమ్మకు ఉత్తర్వు చదివి వినిపించాను. ఆమె నార పేనుతూ వింది.

"మా తాత తేనె కొయ్యను కొండచరియ మీదినుంచి తాడు పట్టుకోని దిగేటోడు," అంది. "పైన ఆ తాడు పట్టుకునేది ఎవురో తెలుసునా?"

"అన్నదమ్ములా?"

"థూ. అన్నదమ్ములు పడితే పడనీలే అంటారు. బావమరిది పట్టుకోవాల. వాడు తాడు వదిలితే తాళి తెగేది వాని అక్కకే గదా. ఎంత పోట్లాట ఉన్నా వాడు మాత్రం వదల్డు. మాలో ఇప్పటికీ అంతే."

"మనకు బావమరిది ఎవరున్నారక్కా?"

"యెతుక్కోవాల. మనమంటే పేమ ఉండేటోడు కాదమ్మా కావాల్సింది. మనం పడితే కూసోని ఏడ్సాల్సినోడు కావాల."

పనిరోజు 106

వెతకనక్కర్లేకపోయింది. ఆయనే వచ్చారు. సోమవారం కాదు, రుమాలు లేదు, షెడ్డు లోపలిదాకా వచ్చేశారు.

"మేడం, గింగిరీల లెక్క కూడా నా బాధ్యతే, మొత్తం నాలుగు వేల రెండు వందలు," అన్నారు శేషఫణి గారు. "నిన్న మూడుసార్లు లెక్కపెట్టించాను. అన్నీ గూళ్ళలోనే ఉన్నాయి." గొంతు తగ్గించారు. "మరి కమలాకర్ గారు చూసినవి ఎవరివి?"

"ఎవరివీ కావండీ," అన్నాను.

అద్దం ముక్క ఆయన చేతికిచ్చాను. వంగి చూశారు. పైకి లేచేసరికి ముఖం సున్నం కొట్టినట్టుంది. "చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో..." అని ఆగిపోయారు. వెంటనే తనను తాను సర్దుకుని, "బండి పిలవాలి మేడం. నాకు వేరే దారి లేదు," అన్నారు.

నేను ఏదో అనబోయాను. వేడుకోబోయాననుకుంటాను. గురవమ్మ ముందే అందుకుంది.

"పిలవండి సారూ. బండోళ్ళు అడుగుతారు, ఎప్పట్నించి ఉండాయని. తొమ్మిది వారాలాయె. తొమ్మిది తూర్లు యేమీ ల్యావని మీరే సంతకం జేసినారు. నేను వేళ్ళమీద లెక్కబెట్టినా."

శేషఫణి గారు బోర్లించి ఉన్న తట్ట మీద కూర్చున్నారు.

"బండి పిలిస్తే నేను పోతాను. పిలవకపోతే పదిహేనో తేదీన పెంకు కోస్తారు, అప్పుడూ నేనే పోతాను."

"పెంకు కొయ్యకుంటే?" అంది గురవమ్మ.

ఆయన తలెత్తి ఆమెను చూశారు. తరువాత నన్ను. ఒక మనిషి భయం నుంచి వృత్తిలోకి నడిచి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. జేబులోంచి కలం తీశారు. "తెల్లకాగితం ఉందా మేడం?"

ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన నేర్చిన విద్య అంతా ఆ అర పేజీలో ఉంది. ఒక్క కొట్టివేత లేదు. "సదరు శిల్పము ఇంకను నిర్మాణదశలో ఉన్నది. లోపలి భాగము దినదినము పెరుగుచున్నది. ఈ దశలో కవచము తొలగించినచో నిర్మాణక్రమమునకు తీరని భంగము వాటిల్లును. కావున పని పూర్తియగువరకు శిల్పము యథాస్థానమునందే ఉండవలెననియు, ఇతరులు పది గజముల లోపలికి రాకూడదనియు, పురోగతిని ప్రతి మాసము నేను స్వయముగా కొలిచి నివేదింతుననియు మనవి."

"ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు," అన్నాను ఆశ్చర్యంగా.

"అబద్ధం రాస్తే దొరికిపోతాం మేడం," అన్నారాయన.

నేను శిల్పిగా సంతకం చేశాను. ఆ సంతకంతో నా చెయ్యి నాది కాకుండా పోయింది. పట్టు ఎంత పెరిగితే నేను అంత గొప్పదాన్ని, పట్టు నాది కాదన్న రోజున అది మిగలదు.

పనిరోజు 118

గడువుకు ముందురోజే ఆమోదించారు. కమలాకర్ గారు "గొప్ప కళ ఎన్నడూ పూర్తికాదు" అని ఒక వాక్యం జతచేశారట.

శేషఫణి గారు ఇప్పుడు రోజూ వస్తున్నారు. సన్నటి వెదురుపుల్లను రంధ్రంలోంచి పెట్టి కొలుస్తారు. రెండుసార్లు కుట్టించుకున్నారు, కేకవెయ్యలేదు. షెడ్డు చుట్టూ పది గజాలకు తాడు కట్టించింది ఆయనే. నిన్న పైవాళ్ళెవరో చూద్దామని వస్తే, "శిల్పి ధ్యానంలో ఉన్నారండీ," అని ఆయన గద్దిస్తుండగా నేను లోపల కూర్చుని అటుకులు తింటున్నాను.

పనిరోజు 163

వానలు. ఈగలు బయటికి పోవడం లేదు. చింతపూత ఎప్పుడో అయిపోయింది. పొలిమేర ముళ్ళకంపలో మిగిలిన పూలు వానకు రాలిపోయాయి, రాలనివి మనమే తుంచేశాం. పట్టు వేలెడు కూడా పెరగలేదు. లోపలి సందడి సన్నగిల్లింది. రంధ్రం ముందు ప్రతి ఉదయం పది, పదిహేను చచ్చి పడి ఉంటున్నాయి. గురవమ్మ వాటిని ఆకులోకి ఎత్తి అవతల పారబోస్తుంది, మాట్లాడకుండా.

"బెల్లం నీళ్ళు పెడదామా అక్కా?"

"నాలుగు దినాలు బతుకుతాయి. పువ్వు ల్యాకుంటే పిల్లలకు యేం పెడతాయి?"

పనిరోజు 167

కార్యాలయం నుంచి మెమో. "గత మాసమున శిల్ప పురోగతి: సున్న. అలసత్వమునకు సంజాయిషీ మూడు రోజులలో ఇవ్వగలరు."

సంజాయిషీ రాయడానికి కూర్చుని చాలా కాగితాలు చింపాను. అనారోగ్యం అని రాశాను. తేమ అని రాశాను. ఏదీ నిలబడలేదు. ఈ నెలలన్నిటిలోనూ నేను చేసిన పని ఏమీ లేదు, చెయ్యకపోవడానికి కారణం ఎలా చెప్పను? విసుగెత్తి, ఉన్నది ఉన్నట్టు రెండు మాటలు రాసి పంపేశాను: "పూలు లేవు."

పంపాక భయం వేసింది. శేషఫణి గారికి చెబితే ఆయన తట్ట మీద కూర్చుండిపోయారు.

పనిరోజు 171

జవాబు వచ్చింది. నేను నాలుగుసార్లు, శేషఫణి గారు రెండుసార్లు చదివాం. "శిల్పి సంజాయిషీని సంఘాధ్యక్షులు ఆచార్య కమలాకర్ పరిశీలించి, ప్రకృతి సౌందర్యము కరువైనచోట కళాకారులకు ప్రేరణ కలుగదని అభిప్రాయపడినందున, శిల్పి ప్రేరణార్థము షెడ్డుకు ఆనుకుని ఒక ఎకరమున నువ్వు పంట వేయుటకు, పూత తుంచకుండుటకు ప్రత్యేక అనుమతి. శిల్పి ఏకాగ్రతకు భంగము కలుగకుండ సదరు ఎకరములోనికి పరాగ యంత్రములను అనుమతించరాదు."

"సంతకం ఎవరిది?" అంది గురవమ్మ.

"పైవాళ్ళదే."

"పైనోళ్ళు ఇంత మంచోళ్ళని నాకు తెల్వక తిట్టినా."

పనిరోజు 209

నువ్వుచేను పూసింది. తెలుపులో కొంచెం గులాబీ కలిసిన గంటలు, వరసలు వరసలుగా. ఇన్ని పూలు ఒకచోట, తుంచకుండా. వీధిలో జనం కంచె అవతల నిలబడి చూస్తున్నారు. ఒకావిడ చేతులు వాటంతట అవే తుంచుతున్నట్టు కదులుతున్నాయి.

నాకు చేను మధ్యలో ఒక కుర్చీ వేశారు. ఉదయం ఆరునుంచి ఎనిమిదివరకు కూర్చుని ప్రేరణ పొందాలి. గట్టున శేషఫణి గారు కాపలా. ఈగలు నా చెవుల పక్కనుంచి పోతున్నాయి, వస్తున్నాయి. వెనక్కాళ్ళకు పుప్పొడి మూటలు. నన్నొక దిష్టిబొమ్మ కింద జమకట్టాయి, తప్పుకుని పోతున్నాయి.

ఎనిమిదింటికి ఒక ఫారం ఇచ్చారు. "ఈ దినమున ప్రేరణ కలిగినదా? అవును / కాదు."

కలిగిందా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. సంతోషంగా ఉంది. ముచ్చటగా ఉంది. కానీ చెయ్యాలని ఒక్క వేలు కూడా కదలలేదు. అంత తీరైన పని చుట్టూ జరుగుతుంటే నేనేం చెయ్యను? అవును అని పెట్టడం మర్యాద. ఇన్నాళ్ళూ నా పేరుతో ఇన్ని అబద్ధాలు ఆడాను, ఇంకొకటి ఎంత? అయినా కలం "కాదు" దగ్గరికి పోయింది. చాలా నెలల తరువాత కార్యాలయం కాగితం మీద నేను నా గురించి నిజం రాశాను.

"ఎందుకు మేడం కొంప ముంచుతారు!" అన్నారు శేషఫణి గారు.

పనిరోజు 212

ఉత్తర్వు. "శిల్పికి కలిగిన ప్రేరణ చాలనట్లు తెలియుచున్నందున, అదనముగా రెండు ఎకరములలో ఆవపంట వేయుటకు అనుమతి."

పనిరోజు 254

ఆవచేను పసుపు. షెడ్డు తలుపు తీస్తే కళ్ళు మూసుకోవాల్సి వస్తోంది. పట్టు ఏడో పలక దించింది. రంధ్రం దగ్గర కొత్త ఈగలు గాలిలో ఊగుతూ ఇంటి ముఖం గుర్తుపెట్టుకుంటున్నాయి. వచ్చే నెలకు ఈ గుంపు రెండవుతుందని గురవమ్మ అంటోంది.

కుర్చీలో కూర్చున్నాను. రెండు గంటలూ నిజంగా ప్రయత్నించాను. ఫారం వచ్చింది. నాకు ఇంకా సందేహమే. "కాదు" మీద టిక్కు పెట్టాను.

దక్షిణం వైపు మూడెకరాలు దున్నుతున్నారు. ధనియాలట.